పాట ఫ్రీగా పెట్టాలా, దాచుకోవాలా? డెల్టా కళాకారుల కోసం ఒక పోలిక

మూఢం వచ్చిందంటే మా రికార్డింగ్ గదికి పని తగులుతుంది. ముహూర్తాలు ఉండవు కాబట్టి సన్నాయి మేళాలు, బ్యాండు వాళ్లు, ఆర్కెస్ట్రా వాళ్లు అంతా ఖాళీ. ఆషాఢం కూడా అంతే. అప్పుడే రాజోలు, పి.గన్నవరం, ముమ్మిడివరం నుంచీ, ఏటి అవతల నరసాపురం, పాలకొల్లు నుంచీ బండ్లేసుకుని వచ్చి పాటలు పాడి వెళ్తారు. మిక్సింగు విని, టీ తాగేటప్పుడు అందరూ అడిగేది ఒక్కటే: "దీన్ని ఇప్పుడు ఎక్కడ పెట్టమంటారండీ?"

ఒకసారి ఒకే వారంలో ముగ్గురితో ఈ మాట నడిచింది. మొదటాయన సన్నాయి విద్వాంసుడు, డెబ్భైకి దగ్గర పడ్డారు. "ఫ్రీగా పెట్టెయ్ బాబూ. విన్నవాడు పెళ్లికి పిలుస్తాడు. ఫోన్లో సన్నాయి పెట్టుకుని తాళి కట్టేవాడు ఇంకా పుట్టలేదు" అన్నారు. రెండో ఆయన పద్యనాటకాల్లో కృష్ణుడు వేస్తారు. ఆయన ససేమిరా అన్నారు. "పద్యం జేబులో దొరికితే తీర్థంలో తెల్లవార్లూ చాపేసుకుని కూర్చునేవాడెవడండీ?" మూడోవాడు డిగ్రీ చదివే కుర్రాడు, సొంతంగా రాసి పాడుకుంటాడు. "అన్నా, అసలు వినేవాడే లేడు. ఫ్రీయా, డబ్బులా అన్న గొడవ నాదాకా రాలేదు" అన్నాడు.

ముగ్గురూ నిజమే చెప్పారు. ముగ్గురి ఇళ్లలో పొయ్యి వెలిగేది వేరు వేరు పనుల వల్ల కాబట్టి ముగ్గురి జవాబులూ వేరయ్యాయి. అందుకే "అన్నిట్లోకీ ఏది మంచిది" అని అడిగితే నేను చెప్పలేను. మీ పొయ్యి దేనివల్ల వెలుగుతోందో చెబితే, ఏది ముందు ఏది వెనక అన్నది చెప్పగలను. కీబోర్డు వాయిస్తూ, ఈ గది నడుపుతూ చూసింది, నష్టపోయి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

రెండు రకాల ఫ్రీ

మన ప్రాంతంలో పాట ఫ్రీగా వినడం ఇవాళ కొత్తగా వచ్చింది కాదు. విజయవాడ ఆకాశవాణి 1948లో మొదలైంది. రాజోలు సీమలోని శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు ఆ కేంద్రంలో పనిచేశారు, భక్తిరంజని అనే భక్తిగీతాల కార్యక్రమానికి రూపమిచ్చినవాళ్లలో ఆయన ఒకరు. పంచాయతీ రేడియో దగ్గర అరుగు మీద కూర్చుని విన్న రైతు పైసా ఇవ్వలేదు. కానీ స్టేషన్ వాళ్లు కళాకారుడికి ఆడిషన్ పెట్టి, గ్రేడు ఇచ్చి, ఆ గ్రేడుని బట్టి పారితోషికం ఇచ్చారు. పాట అయ్యాక పాడినవారి పేరు చదివారు. వినేవాడికి ఫ్రీ, పాడినవాడికి కూలి, పేరు.

తర్వాత మెమరీ కార్డుల రోజులొచ్చాయి. ప్రతి సెంటర్లో ఒక సెల్ షాపు, దానిముందు "పాటలు ఎక్కించబడును" అని బోర్డు. ఇరవయ్యో ముప్పయ్యో ఇస్తే కార్డు నిండా పాటలు ఎక్కించేవారు. బుర్రకథలు, పద్యాలు, క్యాసెట్టుగా వచ్చిన జానపదాలు, అన్నీ ఒకే ఫోల్డర్లో. ఆ ఫైలు పేర్లలో పాడినవాళ్ల పేరు ఉండేది కాదు, వెబ్‌సైటు పేరు ఉండేది. డబ్బు షాపువాడికి వెళ్లింది, పాట జనానికి వెళ్లింది, కళాకారుడికి కబురు కూడా వెళ్లలేదు.

నా దగ్గరకొచ్చిన వాళ్లకి ముందు ఈ తేడానే చెబుతాను. ఏ యాప్ అయినా, ఏ ఛానల్ అయినా ఫ్రీ అన్నప్పుడు అది రేడియో ఫ్రీయా, మెమరీ కార్డు ఫ్రీయా అని అడగండి. డబ్బు ఎక్కడో ఒకచోట పుడుతూనే ఉంటుంది, ప్రకటనల నుంచో చందాల నుంచో. అందులో మీ వాటా, మీ పేరు ఉన్నాయా లేదా అన్నదే చూడాలి.

బయట దేశాల పెద్ద కళాకారుల గొడవలు కూడా జాగ్రత్తగా చూస్తే దీని గురించే. 2000లో మెటాలికా అనే బ్యాండు, జనం పాటల ఫైళ్లు ఫ్రీగా పంచుకునే నాప్‌స్టర్ మీద కోర్టుకెళ్లింది. 2013లో థామ్ యార్క్, కొత్త కళాకారులకి దక్కేది మరీ తక్కువంటూ తన పాటలు కొన్ని స్పాటిఫై అనే పాటల యాప్ నుంచి తీయించాడు. కానీ అదే యార్క్ పాడే రేడియోహెడ్ బ్యాండు 2007లో ఒక ఆల్బమ్‌ని సొంత సైటులో పెట్టి "మీ ఇష్టమొచ్చినంత ఇవ్వండి, సున్నా అయినా సరే" అంది. ఫ్రీ మీద వాళ్లకి కోపం లేదు, తమ పాటకి ఇంకెవరో ధర కట్టడం మీదే కోపం. టేలర్ స్విఫ్ట్ 2014 నవంబరులో స్పాటిఫై నుంచి పాటలన్నీ తీసేసింది. ఆమె పేచీ ముఖ్యంగా ఉచిత విభాగంతోనే. 2017లో మళ్లీ వచ్చింది.

అయితే ఆమె దారి మనం పట్టలేం. స్విఫ్ట్ పాటలు తీసేస్తే జనం వెతుక్కుంటూ వెళ్తారు. మన ప్రభల తీర్థం పాట తీసేస్తే తీసేశామన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు. పాట దాచుకోవడం ఒక బలం కావాలంటే, ముందు ఆ పాట కోసం అడిగేవాళ్లు ఉండాలి.

సొంత యూట్యూబ్ ఛానల్

మన డెల్టాలో ఎవరికైనా నేను మొదట చెప్పేది ఇదే. పాట వినడం అంటే మన ఊళ్లలో ఇప్పటికీ యూట్యూబ్‌లో చూడడమే. కొబ్బరి దింపు చేసేవాళ్లు, చెరువుల మీద కాపలా ఉండేవాళ్లు, ఇంట్లో టీవీకి కలిపి పెట్టుకునే పెద్దవాళ్లు, అందరూ అక్కడే ఉన్నారు. పెళ్లి మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లు "మీ మేళం ఒకసారి వినిపించండి" అంటే పంపేది కూడా ఆ లింకే.

ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. దాంతోపాటు గడిచిన పన్నెండు నెలల్లో 4,000 గంటలు జనం చూసి ఉండాలి, లేదా 90 రోజుల్లో షార్ట్స్ అనే చిన్న వీడియోలకి కోటి వ్యూస్ రావాలి. అది దాటాక మామూలు వీడియోల మీద వచ్చే ప్రకటనల సొమ్ములో 55 శాతం మీది. షార్ట్స్‌లో పద్ధతి వేరు, అక్కడ మీకు కేటాయించిన దాంట్లో 45 శాతం.

ఆ 4,000 గంటల లెక్క ఒకసారి వేయండి. అంటే 2,40,000 నిమిషాలు. నాలుగు నిమిషాల పాటైతే 60,000 సార్లు పూర్తిగా వినాలి. ఒక్కొక్కరు అరగంట కూర్చుని చూసే హరికథో, పద్యనాటకమో, భజనో అయితే 8,000 మంది చాలు. నిడివి ఎక్కువున్న మన పాత కళలకి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. కుర్రాళ్లు మూడు నిమిషాల పాటతో పడే పాట్లు బుర్రకథ దళానికి ఉండవు. ఈ సంగతి చెబితే చాలామంది పెద్దవాళ్లు ఆశ్చర్యపోతారు, మాది ఎవరు చూస్తారులే అనుకుంటూ ఉంటారు కాబట్టి.

డబ్బు చేతికొచ్చే దారి కూడా తెలుసుకోండి. పది డాలర్లు చేరగానే గూగుల్ ఒక పిన్ నంబరుతో కవరు పోస్టులో పంపుతుంది. మన లంక ఊళ్లలో డోర్ నంబరు సరిగా లేక ఆ కవరు తిరిగి వెళ్లిపోయిన సందర్భాలు నేను చూశాను. పోస్ట్‌మ్యాన్‌కి ముందే చెప్పి ఉంచండి, అడ్రసులో ఫోన్ నంబరు కూడా వేయండి. వంద డాలర్లు దాటితేనే బ్యాంకుకి వస్తుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు చూసిన వ్యూస్ మీద వచ్చే సొమ్ములో అక్కడి పన్ను పట్టుకుంటారు. పన్ను ఫారం నింపి ఇస్తే, రెండు దేశాల ఒప్పందం ప్రకారం అది 15 శాతం. నింపకపోతే ఇంకా ఎక్కువ పోవచ్చు.

సినిమా పాటలు పాడి ఛానల్ పెంచుకుందాం అనేవాళ్లకి ఒక మాట. కంటెంట్ ఐడీ అనే యంత్రం ఆ బాణీని గుర్తుపట్టి ఆదాయాన్ని ఆడియో కంపెనీకి పంపేస్తుంది. పేరు కోసమైతే పాడండి, ఆదాయం కోసమైతే వద్దు. బాధ పెట్టేది ఇంకొకటి ఉంది: త్యాగరాజ కృతి, తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాల పద్యం పాడినా ఒక్కోసారి క్లెయిము, అంటే ఇది మాదేనని వేరేవాళ్ల దావా, పడుతుంది. ఆ జంట కవుల్లో తర్వాత పోయినవారు, కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వారు. ఆయన పోయింది 1950లో. రచయిత పోయాక అరవై ఏళ్లే కాపీరైటు కాబట్టి ఆ పద్యాలు ఇప్పుడు అందరివీ. మీరు పాడిన పద్యం మీద ఇంకెవరికీ హక్కు లేదు. భయపడి వీడియో తీసేయకండి, డిస్ప్యూట్ (అభ్యంతరం) పెట్టండి. అవతలివాళ్లు 30 రోజుల్లో జవాబివ్వకపోతే క్లెయిము పోతుంది. అయితే ఆ పద్యాన్ని వేరే ఆయన పాడిన పాత రికార్డు ముక్క మీ వీడియోలో ఉంటే అది వేరే సంగతి, ఆ రికార్డింగు హక్కు వాళ్లదే కావచ్చు.

పాటల యాప్‌లు

స్పాటిఫై మన దేశంలోకి 2019 ఫిబ్రవరిలో వచ్చింది, యూట్యూబ్ మ్యూజిక్ ఆ తర్వాతి నెలలో. సావన్, జియోమ్యూజిక్ కలిసి 2018లో జియోసావన్ అయ్యాయి. వీటిలో ప్రకటనలతో ఫ్రీగా వినొచ్చు, చందా కట్టి ప్రకటనలు లేకుండానూ వినొచ్చు. ఆపిల్ మ్యూజిక్‌లో మాత్రం ప్రకటనలతో నడిచే ఫ్రీ విభాగం లేదు.

"ఒక్కసారి వింటే ఎన్ని పైసలు వస్తాయండీ?" అని అందరూ అడుగుతారు. స్థిరమైన రేటు లేదు. స్పాటిఫై తన రాబడిలో దాదాపు మూడింట రెండు వంతులు పాటల హక్కుదారులకి ఇస్తానని చెబుతుంది. ఆ సొమ్మంతా ఒకచోట పోసి, మొత్తం విన్న పాటల్లో ఎవరి వాటా ఎంతో దాని ప్రకారం పంచుతారు. ప్రకటనల మీద వచ్చే రాశి చిన్నది, చందాల మీద వచ్చే రాశి పెద్దది. ఫ్రీగా వినేవాళ్లు ఎక్కువున్న మన దేశంలో ఒక్కో వినికిడికి పడేది తక్కువ. కాలువ నీళ్ల సంగతి మనకి తెలియనిది కాదు. ధవళేశ్వరంలో ఎంత నీరు వదిలినా పైనున్నవాళ్లు తడుపుకున్నాక శివారు భూములకి అందేది వేరు. ఈ పంపకంలో మనం శివారు రైతులం. మీ అభిమాని ఒకడు చందా కట్టి నెలంతా మీ పాటే విన్నా, అతని డబ్బు నేరుగా మీకు రాదు, పెద్ద రాశిలోకి వెళ్లి పెద్ద సినిమా పాటల వైపు ఎక్కువగా పారుతుంది.

దానికి తోడు 2024 నుంచి స్పాటిఫై ఒక గీత గీసింది. గడిచిన పన్నెండు నెలల్లో కనీసం వెయ్యిసార్లు వినబడని పాటకి రికార్డింగ్ రాయల్టీ లేదు. పెద్ద ఊళ్ల వాళ్లకి వెయ్యి చిన్న సంఖ్య కావచ్చు. ముమ్మిడివరం కుర్రాడు రాసుకున్న మొదటి పాటకి అది చిన్నది కాదు. నాకు ఈ నిబంధన మీద కోపం ఉంది. పైసలు కొద్దివే అయినా అవి ఆ కుర్రాడు సంపాదించినవి.

వెయ్యి దాటించాలని వ్యూస్, స్ట్రీమ్స్ కొనేవాళ్లు ఉన్నారు. వద్దు. దొంగ స్ట్రీమ్స్ అని తేలితే స్పాటిఫై, మన పాటని యాప్‌లలోకి ఎక్కించే డిస్ట్రిబ్యూటర్‌కి జరిమానా వేస్తుంది, వాళ్లు దాన్ని మీ ఖాతాలో కోస్తారు, లేదా పాటే తీసేస్తారు.

మరి ఈ యాప్‌లు ఎందుకు? రెండు కారణాలకి. ఒకటి, ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌లో వాడుకోవడానికి పాట దొరకాలంటే డిస్ట్రిబ్యూటర్ ద్వారా వెళ్లాలి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభలు కౌశిక కాలువ దాటే వీడియో ఎవరో పెట్టి, కింద మీ పాట వేశారనుకోండి, ఆ పాట పేరు మీద నొక్కితే మీ పేరు వస్తుంది. అది పాంప్లెట్లు పంచినదానికంటే ఎక్కువ. రెండు, కాలర్ ట్యూను. మన వైపు కాలర్ ట్యూనంటే ఇప్పటికీ మోజే. అయితే అందరు డిస్ట్రిబ్యూటర్లూ కాలర్ ట్యూను ఇవ్వరు, పాట ఎక్కించకముందే అడగండి.

డిస్ట్రిబ్యూటర్ల సంగతికొస్తే, డిస్ట్రోకిడ్ లాంటివాళ్లు ఏడాది చందా తీసుకుని ఎన్ని పాటలైనా ఎక్కిస్తారు. చందా ఆపితే పాటలు దిగిపోవచ్చు. రౌట్‌నోట్ లాంటివాళ్లు ముందు డబ్బు అడగకుండా వచ్చిన దాంట్లో 15 శాతం ఉంచుకుంటారు. ఏడాదికి ఒకటో రెండో పాటలు చేసేవాళ్లకి కమీషన్ పద్ధతే మేలు, చందా కట్టడం మర్చిపోయి పాటలు మాయమైతే ఆ బాధ వేరు. ఎవరి దగ్గరికి వెళ్లినా కంటెంట్ ఐడీ అన్న గడి కనబడితే ఆగి ఆలోచించండి. దాన్ని టిక్ చేసి, తర్వాత మీ సొంత ఛానల్‌లో అదే పాట పెడితే మీ పాట మీదే మీకు క్లెయిము వస్తుంది. మీ ఛానల్‌ని మినహాయింపు జాబితాలో చేర్చమని ముందే చెప్పాలి.

ఇంకొకటి. గానా 2022లో ఫ్రీగా వినడం తీసేసి చందాదారులకే పరిమితమైంది. రెస్సో 2024 జనవరితో మన దేశంలో మూతపడింది. అదే ఏడాది వింక్ కూడా మూతపడింది. పాట ఎక్కించాం కదా అని హార్డ్ డిస్క్ ఖాళీ చేసుకున్నవాళ్లు నాకు తెలుసు. యాప్ ఎప్పుడూ గోడౌన్ కాదు. అసలు వేవ్ ఫైలు, గొంతు వేరు, వాద్యాలు వేరుగా ఉన్న ట్రాకులు మీ దగ్గర రెండు చోట్ల ఉండాలి.

వేరేవాళ్ల ఛానల్‌కి ఇవ్వడం

ఇక్కడ కాస్త నిలబడతాను, ఎందుకంటే నా దెబ్బ ఇక్కడే.

కొన్నేళ్ల కిందట ఒక జానపదానికి బాణీ కట్టాను. మా ఊరి ఆయన రాశారు, పక్క ఊరి అమ్మాయి పాడింది. లక్షల్లో సబ్‌స్క్రైబర్లున్న ఒక ఛానల్ వాళ్లు వచ్చి మా ముగ్గురికీ కలిపి ఎనిమిది వేలు ఇచ్చి, వంద రూపాయల స్టాంపు కాగితం మీద సంతకాలు పెట్టించుకున్నారు. అందులో "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అన్న మాటలున్నాయి. చదివాను, అయినా పెట్టాను. మూఢంలో ఎనిమిది వేలంటే మాకు ఎక్కువే. పాట బాగా పోయింది. పెళ్లి ఊరేగింపుల్లో డీజేలు వేశారు. ఒక తీర్థంలో జనం దానికి గంతులేస్తుంటే వెనక నిలబడి చూశాను. వీడియో కింద మా ముగ్గురి పేర్లలో ఒక్కటీ లేదు. అమ్మాయి ఫోన్ చేసి "పేరైనా వేయమనండి అన్నయ్యా" అంది. వేయించలేకపోయాను. డబ్బు పోయినందుకు కాదు, ఆ అమ్మాయికి ఆ పాట తనదని చెప్పుకునే దారి లేకుండా చేసినందుకు ఇప్పటికీ నాకు మనసు ఊరుకోదు.

అందుకే ఇప్పుడు అందరికీ చట్టం చెబుతున్నాను. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతలో, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్లే. ఏ ప్రాంతానికో రాయకపోతే మన దేశం వరకే. కాబట్టి "శాశ్వతంగా" అన్న మాట కాగితంలో కనిపిస్తే, అది ఊరికే పడిన మాట కాదు, కావాలని రాయించిన మాట. 2012 సవరణ ఇంకో మేలు చేసింది. పాట రాసినవారు, బాణీ కట్టినవారు రాయల్టీలో తమ సమాన వాటాను వదులుకుంటున్నామని సంతకం పెట్టినా ఆ షరతు చెల్లదు. ఆ వాటా వసూలు చేయడానికి 1969 నుంచి ఉన్న ఐపీఆర్ఎస్ అనే సంఘంలో రచయితలు, స్వరకర్తలు చేరొచ్చు. గాయకుల హక్కుల కోసం ఏర్పడిన ఇస్రా (ఇప్పుడు ఇసామ్రా) 2013లో కాపీరైట్ సంఘంగా నమోదైంది. ఈ రెండు పేర్లూ మన వైపు చాలామంది విననే లేదు.

రికార్డింగు హక్కు మాత్రం పూనుకుని, బాధ్యత తీసుకుని చేయించినవారిది. మీ డబ్బుతో, మీ పూనికతో రికార్డు చేయించుకుంటే అది మీది. ఛానల్ వాళ్లు ఖర్చు పెట్టి చేయిస్తే వాళ్లది. అందుకే ముందు పాట మీరు చేయించుకుని, తర్వాత వాళ్ల దగ్గరికి వెళ్లండి.

వెళ్లొద్దని నేననను. పెద్ద ఛానల్ ఒక్కరోజులో చేసే ప్రచారం మనం ఏడాదిలో చేయలేం. కానీ తోటని మక్తాకిచ్చినట్టు ఇవ్వండి, క్రయం రాసివ్వకండి. మూడేళ్లకో అయిదేళ్లకో అని గడువు రాయండి. వీడియో కింద ముగ్గురి పేర్లు, స్పెల్లింగుతో సహా కాగితంలో రాయించండి. ఆడియో యాప్‌ల హక్కు మీ దగ్గరే ఉంచుకోండి. ఒప్పుకోకపోతే ఇంకో ఛానల్ చూడండి. పేరు వేయడానికి ఒప్పుకోని చోట ఎంతిచ్చినా ఇవ్వొద్దన్నది ఇప్పుడు నా మాట.

దాచుకుని అమ్మడం

బ్యాండ్‌క్యాంప్ 2008 నుంచి ఉంది. ధర మీరే పెట్టొచ్చు, డిజిటల్ అమ్మకాల మీద వాళ్లు 15 శాతం తీసుకుంటారు. 2020 మార్చి నుంచి కొన్ని శుక్రవారాల్లో తమ వాటా కూడా వదిలేస్తున్నారు. డబ్బు పేపాల్ ద్వారా వస్తుంది. మన ఊళ్లో ఎవరూ అక్కడ కొనరు, విదేశాల్లో ఉన్న శాస్త్రీయ సంగీత ప్రియులు కొంటారు. కాకినాడ సరస్వతీ గానసభ లాంటి వేదికల మీద పాడే స్థాయి ఉన్నవాళ్లు, పూర్తి కచేరీ రికార్డింగు ఉన్నవాళ్లు ప్రయత్నించవచ్చు.

మనకి దగ్గరైనది పెన్‌డ్రైవ్. ఒక హరికథా భాగవతారిణి కథ అయ్యాక పళ్లెం పక్కనే క్యూఆర్ కోడ్ పెట్టి, ఆరు కథలున్న పెన్‌డ్రైవ్ అమ్ముతారు. కొనేది పెద్దవాళ్లే, కారులో పెట్టుకోవడానికి. కథ విన్న ఆ రాత్రి, ఆ వేడిలో కొంటారు. ఇంటికెళ్లాక లింకు పంపితే కొనరు. ఎదురుగా జనం కూర్చునే కళ ఉన్నవాళ్లకే ఇది పనికొస్తుంది.

ఎవరికి ఏది

సన్నాయి, డోలు, బ్యాండు మేళాలు, ఆర్కెస్ట్రాలు: మీ కూలి బయానాలోనే ఉంది. అన్నీ ఫ్రీగా, సొంత ఛానల్‌లో, ఫోన్ నంబరు మొదటి వాక్యంలో వేసి పెట్టండి. రికార్డింగు మరీ నున్నగా అక్కర్లేదు, పందిట్లో తీసిందే నమ్మకం కలిగిస్తుంది. యాప్‌ల మీద డబ్బు తగలేయకండి.

సొంత పాటలు రాసే కుర్రాళ్లు: యూట్యూబ్, యాప్‌లు రెండూ ఒకేరోజు. రాయల్టీ చూసుకుని దిగులు పడొద్దు. మూడు పాటల వరకూ ఎవరికీ హక్కులు రాసివ్వకండి, మూడో పాటకి మీ విలువ మీకే తెలుస్తుంది.

సంగీతం మాస్టార్లు: మీ దగ్గర ఉన్న అసలు సరుకు పాఠం. కృతులు ఫ్రీగా పెట్టండి, పాఠాలు దాచుకోండి. విని నచ్చినవాళ్లే డల్లాస్ నుంచి తెల్లవారుజామున ఆన్‌లైన్ క్లాసు అడుగుతారు.

చర్చి పాటలు రాసేవాళ్లతో నా సంభాషణ ఎప్పుడూ వేరేగా ఉంటుంది. నరసాపురం వైపు నుంచి వచ్చే ఒక సిస్టర్ "దేవుని పాటకి డబ్బు వద్దు అన్నా, పాటకి ముందు ప్రకటనలు కూడా రావొద్దు" అంది. ఆ భావమంటే నాకు ఎంతో గౌరవం. కానీ ఆమెకి ఒక నిజం చెప్పాల్సి వచ్చింది. డబ్బు వద్దని ఆదాయ ప్రోగ్రాంలో చేరకపోయినా, ఆ వీడియో మీద ప్రకటన వేసుకునే హక్కు యూట్యూబ్ తన నిబంధనల్లో మన దేశానికి 2021 నుంచి రాసుకుంది. ప్రకటన వస్తుంది, మీ వాటా రాదు. మెమరీ కార్డు ఫ్రీ అంటే ఇదే. కాబట్టి అర్హత రాగానే చేరమన్నాను. వచ్చింది సంఘానికో, పాటకి వాయించిన పిల్లలకో ఇమ్మన్నాను. ప్రకటన అసలే వద్దనుకుంటే ఫైలునే, కార్డ్‌ల (chords) గుర్తులతో సహా, వాట్సాప్‌లో సంఘాలకి పంపమన్నాను. ఆమె రెండూ చేస్తోంది. పాట కింద "ఎవరైనా పాడుకోవచ్చు, రాసినవారి పేరు చెప్పండి" అని ఒక వాక్యం రాయించాను.

పద్యనాటక కళాకారులు మిగిలారు. కృష్ణుడు వేసే ఆయన భయం ఉత్త భయం కాదు. ఆయన కూలి రాత్రి ప్రదర్శనలోనే ఉంది, నాటకం మొత్తం ఫోన్లో దొరికితే ఉత్సవ కమిటీ వాళ్లు "ఈ ఏడాది డీజే పెడదాం" అనడానికి అదొక సాకు అవుతుంది. కానీ నలభై దాటనివాళ్లకి ఆయన పేరే తెలియదు. ఆ మూఢంలో మూడు రోజులు ఇదే మాట్లాడుకున్నాం. చివరికి రాయబారం ఘట్టంలో పది నిమిషాలు పెడదామన్నారు. నాటకం మొత్తం వద్దు. మిక్సింగు అయ్యాక హెడ్‌ఫోన్ పెట్టుకుని విని, పద్యం చివర తీసిన రాగం దగ్గర చెయ్యెత్తి ఆపమన్నారు. "ఇక్కడికి కోసెయ్ బాబూ. ఆ రాగం కావాలంటే వచ్చి కూర్చోవాలి."

కోసి పెట్టాం. కింద అడుగుతున్నారు, మిగతాది ఏదని. ఆయన ఆడబోయే తీర్థాల తేదీలు నేను అక్కడే జవాబుగా రాస్తున్నాను.